ఆమ్ల వానకి ఆకులోంచి పోషకాలు కారిపోతాయా, ఆకుదాకా రావడమే తగ్గుతుందా?

హరితరేఖ (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం, బొగ్గు కాల్చే ఒక చిమ్నీ పొగ ఎటు పోతుందో అటువైపు చెట్ల ఆకులు కొన్ని కోశాను. పొగ చేరనంత దూరంలో ఉన్న అదే జాతి చెట్ల ఆకులు ఇంకొన్ని కోశాను. రెండింటినీ ల్యాబ్‌కి పంపాను. రిపోర్టు వచ్చాక బుర్ర పనిచేయడం లేదు.

పొగ వైపు ఆకుల్లో సల్ఫర్ ఎక్కువ. నత్రజని కొంచెం ఎక్కువ. మాంగనీసు బాగా ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం తక్కువ. పొటాషియం మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే.

ఆమ్ల వాన ఆకులోని పోషకాలను కడిగేస్తుందని ఇన్నాళ్లూ చదువుకున్నాను. అదే నిజమైతే ముందుగా పోవాల్సింది పొటాషియం కదా? అది ఆకులో దేనికీ గట్టిగా అతుక్కుని ఉండదు. అదేమో నిక్షేపంగా ఉంది, గోడల్లో పాతుకుపోయిన కాల్షియం తగ్గింది. మాంగనీసు ఎందుకు పెరిగిందో అసలు అర్థం కాలేదు. మా గైడ్ గారు "లీచింగ్ (నీటితో కారిపోవడం) అని రాసెయ్యమ్మా" అన్నారు. నాకు చెయ్యి రావట్లేదు. ఎవరైనా కాస్త విడమరిచి చెప్తారా?

---

ఆకుపసరు

మంచి ప్రశ్న. ముందు ఆకు సంగతి చెప్తాను, నేల సంగతి చెప్పడానికి మన మట్టిమనిషి గారు ఎలాగూ వస్తారు.

మామూలు వాన నీరు కూడా పూర్తిగా తటస్థం కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిస్తే 4.5కి, 4కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలు అయినట్టు. కాబట్టి 5.6 నుంచి 4.6 అంటే "ఒకటే కదా" అనుకోకూడదు.

ఆ నీటి చుక్క ఆకు మీద నిలిచినప్పుడు, అందులోని హైడ్రోజన్ అయాన్లు మైనం పొరలోని సన్నని దారుల గుండా లోపలికి దిగుతాయి. కణ గోడల్లో రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి, వాటిని పట్టుకుని కాల్షియం, మెగ్నీషియం కూర్చుని ఉంటాయి. హైడ్రోజన్ వచ్చి, బస్సులో రిజర్వేషన్ టికెట్ చూపించినవాడిలా, వాటిని లేపి తాను కూర్చుంటుంది. లేచినవి నీటితో పాటు బయటికి కారిపోతాయి. ఇందులో గమనించాల్సింది, ఆమ్లం వల్ల నేరుగా ఎక్కువయ్యేది ఈ మార్పిడే. పొటాషియం అలా కాదు. దాన్ని మంచి వాన కూడా కడుగుతుంది. చెట్టు కింద ఆకుల మీదుగా కారిన నీళ్లు పట్టి కొలిస్తే, ఆమ్లం ఉన్నా లేకపోయినా, బయట పట్టిన వాన నీటి కంటే పొటాషియం ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది.

అందుకని మీ రిపోర్టులో పొటాషియం తగ్గకపోవడం, లీచింగ్ జరగలేదనడానికి రుజువు కాదు. పోయింది పోయినట్టే వేళ్లు మళ్లీ తెచ్చి నింపుతున్నాయేమో!

---

మట్టిమనిషి

పిలిచారు కాబట్టి వచ్చాను :)

అమ్మా హరితరేఖా, మీ రిపోర్టులో అసలు విషయం మాంగనీసు దగ్గర ఉంది. ఆకుని ఎంత కడిగినా అందులో మాంగనీసు పెరగదు. అది పెరగాలంటే వేరు నుంచి రావాలి, వేరుకి అందాలంటే నేలలో కరగాలి. సాధారణంగా నేల పీహెచ్ పడిపోయినప్పుడే మాంగనీసు అంతగా కరుగుతుంది. కాల్షియం, మెగ్నీషియం తగ్గి మాంగనీసు పెరిగిందంటే నేల ఆమ్లీకరణ జరిగిందని ఆకు చెప్తున్నట్టు.

జరిగేది ఇదీ. వానతో దిగిన సల్ఫేట్, నైట్రేట్ నేలలోంచి కిందికి జారేటప్పుడు ఒంటరిగా పోవు. విద్యుదావేశం సరిపోవాలి కాబట్టి తోడుగా కాల్షియాన్నో మెగ్నీషియాన్నో పట్టుకుపోతాయి. ఏళ్ల తరబడి ఇలా పోతే మట్టి రేణువుల మీద ఉన్న నిల్వ అరిగిపోతుంది. రాయి చితికి కొత్త కాల్షియం రావడం చాలా నెమ్మది. నిల్వ అయిపోయాక, నేల పీహెచ్ 5 కంటే దిగితే అల్యూమినియం కరగడం మొదలవుతుంది. అది వేరు కొసల్ని దెబ్బతీస్తుంది, కాల్షియం, మెగ్నీషియం లోపలికి పోయే దారికి అడ్డం పడుతుంది. అంటే ఉన్న కాస్తా చెట్టుకి అందదు. జర్మనీలో సోలింగ్ అడవుల మీద పనిచేసిన బెర్న్‌హార్డ్ ఉల్రిచ్ 1980 ప్రాంతంలోనే ఈ అల్యూమినియం సంగతి గట్టిగా చెప్పారు.

పొటాషియం ఎందుకు నిలబడిందంటే, అది చెట్టుకీ నేలకీ మధ్య చాలా వేగంగా తిరుగుతుంది. ఆకు మీంచి కారింది నేలలో పడీ పడగానే పైపొర వేళ్లు లాగేసుకుంటాయి. పైగా వేళ్ల దగ్గర అల్యూమినియం అడ్డు మెగ్నీషియానికీ కాల్షియానికీ ఉన్నంతగా దీనికి ఉండదు.

కాబట్టి "లీచింగ్" అని రాయండి, తప్పులేదు. నేల లీచింగ్ అని రాయండి. ఆకు లీచింగ్ చిన్న విషయం.

---

ఆకుపసరు

మట్టిమనిషి గారూ, "చిన్న విషయం" దగ్గర నేను ఒప్పుకోను.

రెడ్ స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్టు సంగతి చూడండి. ఈశాన్య అమెరికా కొండల మీద 1960ల నుంచి ఆ చెట్లు పైనుంచి ఎండిపోతూ వచ్చాయి. చలికాలం చివర సూది ఆకులు ఎర్రబారి రాలిపోయేవి. ఆ జాతి అక్కడి చలికి పుట్టి పెరిగిందే, చలికి చావడం ఏంటి అని అందరికీ అనుమానం. చివరికి తేలింది ఏంటంటే, ఆ ఎత్తులో చెట్లు గంటల తరబడి మబ్బులో మునిగి ఉంటాయి. మబ్బు నీరు వాన నీటి కంటే ఇంకా ఎక్కువ ఆమ్లం. అది సూది ఆకుల కణాల పొరల్ని అంటిపెట్టుకుని ఉండే కాల్షియాన్ని లాగేస్తోంది. మొత్తం ఆకులో కాల్షియం ఎంతో ఉంటుంది, ఎక్కువ భాగం ఆక్సలేట్ స్ఫటికాలుగానో గోడల్లోనో పడి ఉంటుంది. పొరల దగ్గర ఉండేది అందులో చాలా కొంచెం. కానీ పొర గట్టిగా ఉండటానికీ, చలి వచ్చిందన్న సంకేతం కణంలోకి చేరటానికీ కావాల్సింది ఆ కొంచెమే. అది పోతే ఆకు తట్టుకునే చలి కొన్ని డిగ్రీలు తగ్గిపోతుంది. కొండ మీద చెట్టుకి ఆ కొన్ని డిగ్రీలే ప్రాణం.

మామూలు ల్యాబ్ రిపోర్టులో "మొత్తం కాల్షియం" అని ఒక అంకె వస్తుంది. ఈ నష్టం ఆ అంకెలో కనిపించనే కనిపించదు. మీరు చిన్న విషయం అంటున్నది దీన్నే.

---

సందేహాలరావు

పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నాను, కానివ్వండి.

ఒక డౌటు. ఆమ్ల వాన అనేది పాత కథ కాదా? 1980లలో ఎక్కడ చూసినా అదే గోల, "అడవులన్నీ చచ్చిపోతాయి" అన్నారు. చావలేదు. సల్ఫర్ తీసేసే యంత్రాలు పెట్టారు, సమస్య తీరిపోయింది. ఇప్పుడు దీని మీద ప్రాజెక్టులు ఎందుకు?

---

మట్టిమనిషి

ఆకుపసరు గారూ, స్ప్రూస్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ కథకి రెండో సగం కూడా ఉంది. న్యూ హ్యాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అనే ప్రయోగ అడవి ఉంది. ఉత్తర అమెరికాలో ఆమ్ల వాన బయటపడింది అక్కడే, 1963లో వాన నీరు పరీక్షించడం మొదలుపెట్టినప్పుడు. 1999లో అక్కడ ఒక చిన్న పరీవాహక ప్రాంతం మొత్తం మీద హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేట్ చల్లారు, దశాబ్దాలుగా పోయిన కాల్షియాన్ని తిరిగి ఇచ్చినట్టు. తర్వాత 2003లో ఆ ప్రాంతమంతా రెడ్ స్ప్రూస్‌కి చలి దెబ్బ చాలా గట్టిగా తగిలింది. కాల్షియం చల్లిన చోట చెట్లకి మాత్రం దెబ్బ బాగా తక్కువ. అంటే మబ్బు లాగేసినా, నేలలో ఉంటే చెట్టు మళ్లీ నింపుకోగలదు. నేల ఖాళీ అయితేనే ఆకు నష్టం ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో సంగతి. ఆకులోంచి కాల్షియం పోయి దాన్ని పూడ్చుకోవడానికి వేరు కాల్షియం పీల్చినప్పుడల్లా, బదులుగా అంతే ఆవేశం ఉన్న హైడ్రోజన్‌ని నేలలోకి వదులుతుంది. అంటే ఆకు మీద "తటస్థం" అయిన ఆమ్లం మాయమైపోలేదు. చెట్టు లోపలి నుంచి వేరు దగ్గరికి దిగింది. అందుకే ఆకా నేలా అని విడదీసి వాదించుకోవడం వల్ల మనకే నష్టం.

(సందేహాలరావు గారికి జవాబు వేరేగా రాస్తాను, టీ తాగి వస్తాను.)

---

తోటపని

పెద్దవాళ్ల మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. చదువుతుంటే భయం వేస్తోంది. మా మొక్కల్లో ఆకు ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపు అవుతోంది. ఫ్యాక్టరీ పొగ అప్పుడప్పుడు మా వైపు వస్తుంది. ఇది ఆమ్లం వల్లేనా? సున్నం చల్లమంటారా?

---

ఆకుపసరు

తోటపని గారూ, భయపడకండి, సున్నం బస్తా మాత్రం ఇంకా విప్పకండి. ముందు ఒకటి చూడండి: పసుపు రంగు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా?

మెగ్నీషియం చెట్టులో కదిలే పోషకం. తక్కువ పడితే మొక్క ముదురు ఆకుల్లోంచి తీసి లేత ఆకులకి పంపుతుంది. పత్రహరితం అణువు నడిమధ్యలో ఉండేది మెగ్నీషియమే కాబట్టి కింది ఆకులు ఈనెల మధ్య పసుపు అవుతాయి. ఇనుము అలా కదలదు. అది తక్కువైతే ముందు లేత ఆకులే తెల్లబోతాయి, అదీ ఎక్కువగా నేల క్షారంగా ఉన్నచోట. అలాంటి నేలకి సున్నం వేస్తే ఉన్న జబ్బు ముదురుతుంది. సిమెంటు దుమ్ము పడే చోట కూడా ఇదే గొడవ, అక్కడ సమస్య ఆమ్లం కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఇక పొగ నేరుగా కొడితే వేరేలా ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువ మోతాదులో తగిలిన ఒకటి రెండు రోజుల్లోనే ఈనెల మధ్య భాగం నీరు పట్టినట్టయి, తర్వాత ఎండి తెల్లగానో గోధుమ రంగులోనో మారుతుంది. అప్పుడే పూర్తిగా విచ్చుకున్న ఆకులకి ఎక్కువ తగులుతుంది. నెమ్మదిగా వారాల మీద కింది నుంచి పైకి పాకే పసుపు అయితే అది పోషకాల సంగతి. మామూలు ఆమ్ల వాన వల్ల ఆకు మీద కంటికి కనిపించే మచ్చలు రావడం అరుదు, పీహెచ్ 3 దరిదాపులకి దిగాకే సాధారణంగా వస్తాయి.

---

మట్టిమనిషి

పైన చెప్పిందంతా సరైనదే. మట్టి పరీక్ష చేయించాకే సున్నం. నేల నిజంగా ఆమ్లంగా ఉండి మెగ్నీషియం కూడా తక్కువుంటే మామూలు సున్నం కన్నా డోలమైట్ మంచిది, అందులో కాల్షియం, మెగ్నీషియం రెండూ ఉంటాయి. మెగ్నీషియం సల్ఫేట్ ఆకుల మీద కొడితే పచ్చదనం త్వరగా వస్తుంది కానీ నేల పీహెచ్ మారదు.

ఒక మొక్కకి మంచి చేసిన సున్నం ఇంకో మొక్కకి చెయ్యకపోవచ్చు కూడా. పెన్సిల్వేనియాలో అలెఘనీ పీఠభూమి అడవుల్లో షుగర్ మేపుల్ చెట్లు ఎండిపోతుంటే, 1985లో డోలమైట్ సున్నం వేసి ఏళ్ల తరబడి చూశారు. మేపుల్ కోలుకుంది. పక్కనే ఉన్న బ్లాక్ చెర్రీకి ఏ లాభమూ లేదు. ఆ మేపుల్ ఆకుల్లో కూడా, హరితరేఖా, మీరు చెప్పిన బొమ్మే: కాల్షియం, మెగ్నీషియం తక్కువ, మాంగనీసు ఎక్కువ. పైగా పురుగు పట్టి ఆకు తినేసిన ఏళ్లలోనే అవి ఎక్కువ చచ్చాయి. పోషకం తక్కువున్న చెట్టు మామూలు రోజుల్లో నెట్టుకొస్తుంది, ఇంకో దెబ్బ పడితే లేవలేదు.

---

మట్టిమనిషి

ఇప్పుడు సందేహాలరావు గారికి.

"చావలేదు" అన్నారు. చెక్, పోలండ్, తూర్పు జర్మనీ సరిహద్దులో "నల్ల త్రికోణం" అని పేరుపడ్డ ప్రాంతంలో కొండలకి కొండలు స్ప్రూస్ అడవి పోయింది. లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు కాల్చిన పొగ అది. మిగతాచోట్ల అంత ఘోరం జరగలేదంటే, 1979లో జెనీవాలో సరిహద్దులు దాటే వాయు కాలుష్యం మీద ఒప్పందం, 1990లో అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం సవరణలు, ఇలా చాలా జరిగాయి కాబట్టి. మందు వేసుకున్నాక జ్వరం తగ్గితే అసలు జ్వరమే లేదంటామా?

అయితే గాలి శుభ్రమైనంత త్వరగా నేల కోలుకోదు. గాలిలో సల్ఫర్ ఏళ్లలో తగ్గుతుంది, నేలలో పోయిన కాల్షియం తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. చిమ్నీలకి దుమ్ము పట్టే పరికరాలు పెట్టాక బూడిద రావడం తగ్గింది. ఆ బూడిదలో కాల్షియం ఉండేది, అది ఆమ్లాన్ని కొంత విరిచేది. దుమ్ము తీసేశాం, దాంతో పాటు విరుగుడూ పోయింది. దుమ్ము ఉంచాలని నా ఉద్దేశం కాదు, ఊపిరితిత్తుల సంగతీ చూడాలి కదా.

---

సందేహాలరావు

సరే, అడవుల సంగతి ఒప్పుకున్నాను. కానీ సల్ఫర్ మొక్కకి పోషకమే కదా? నత్రజని అయితే ఎరువే. అంటే పొగ కొంత ఉచితంగా ఎరువు వేస్తున్నట్టేగా?

---

ఆకుపసరు

నవ్వులాటకి అన్నా, ఇందులో నిజం ఉంది. పశ్చిమ ఐరోపాలో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గాక ఆవజాతి నూనెగింజల పంటల్లో సల్ఫర్ లోపం కనపడటం మొదలైంది. అంతకుముందు గాలి నుంచి పడేదే సరిపోయేది, రైతులు విడిగా వేసే అవసరం లేకపోయింది.

కానీ మోతాదు, దారి రెండూ ముఖ్యం. వేరు నుంచి సల్ఫేట్‌గా వస్తే మొక్క తనకి కావాల్సినంతే తీసుకుంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ పత్రరంధ్రాల గుండా అడగకుండా దూరుతుంది, తడి గోడల మీద కరిగి సల్ఫైట్ అవుతుంది. సల్ఫైట్ విషం. దాన్ని ఆక్సీకరించి సల్ఫేట్ చెయ్యడానికి ఆకులో ఎంజైము ఉంది, కానీ దాని శక్తికి హద్దుంది. అలా తయారైన సల్ఫేట్ రిక్తికల్లో (కణం లోపలి నిల్వ సంచుల్లో) పేరుకుంటుంది. ఒంటరిగా ఉండలేదు కాబట్టి పొటాషియం, మెగ్నీషియం లాంటివాటిని తోడు పెట్టుకుంటుంది. అంటే మెగ్నీషియం ఆకులోనే ఉంటుంది, పనికి మాత్రం దొరకదు. హరితరేఖ గారూ, మీ రిపోర్టులో సల్ఫర్ ఎక్కువ రావడానికి చాలావరకు కారణం ఈ దారే అయ్యుండాలి.

నత్రజనిది ఇంకో కథ. దీన్ని నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు ఇష్టమైన ప్రయోగం ఒకటి ఉంది.

జర్మనీలో ఫిచ్టెల్‌గెబిర్గె అనే కొండల్లో స్ప్రూస్ చెట్ల పాత సూది ఆకులు పసుపు అయ్యేవి. ఆ ఏడాది కొత్త ఆకులు పచ్చగానే ఉండేవి. పొగ నేరుగా ఆకుని కాలుస్తోందని కొందరు అన్నారు. అప్పుడు పరిశోధకులు చాలా చిన్న పని చేశారు. కొన్ని కొమ్మలకి వసంతంలో మొగ్గలు గిల్లేశారు. కొత్త చిగురు లేని ఆ కొమ్మల్లో పాత ఆకులు పసుపు అవ్వలేదు! అదే చెట్టు, అదే గాలి, అదే వాన. తేడా ఒక్కటే, మెగ్నీషియం లాక్కోవడానికి చిగురు లేదు. అంటే గాలి పాత ఆకుల్ని నేరుగా చంపడం లేదు. గాలితో వచ్చిన నత్రజని చిగురుని తోస్తోంది, నేలలో మెగ్నీషియం ఏమో అరిగిపోయింది, చిగురు తన వాటా పాత ఆకుల్లోంచి తీసుకుంటోంది. ఎర్న్‌స్ట్ డెట్లెఫ్ షుల్జె 1989లో ఈ మొత్తం చిత్రాన్ని ఒకచోట పెట్టి చూపించారు.

కాబట్టి "ఉచిత ఎరువు" నిజమే. ఒక్క పోషకమే ఉచితం, మిగతావాటికి గిరాకీ మాత్రం పెంచేస్తుంది.

---

మట్టిమనిషి

అద్భుతంగా చెప్పారు. నత్రజనికి చిన్న చేర్పు. పశువుల పేడ, ఎరువుల నుంచి వచ్చే అమ్మోనియా గాలిలో క్షారమే. కానీ నేలలో దిగి బాక్టీరియా చేతిలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. చిమ్నీలే లేని చోట కూడా నేల ఆమ్లం అవుతుందంటే ఇది చూడాలి.

ఆకులో కాల్షియం తగ్గితే ఎవరికేం అనుకునేవాళ్లకి ఇంకోటి. నెదర్లాండ్స్‌లో ఆమ్లీకరణ జరిగిన అడవుల్లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గుడ్లకి పెంకు పలచబడిపోయింది. కారణం వెతికితే నత్తలు తగ్గిపోయాయి. ఆ పిట్టలకి పెంకు కాల్షియం నత్త గుల్లల నుంచే వస్తుంది, నత్తలకేమో నేల నుంచీ రాలిన ఆకుల నుంచీ వస్తుంది.

---

విశ్లేషణ

ల్యాబ్ మనిషిని. రెండు ప్రశ్నలు, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నా. ఒకటి, ఆకులు కడిగి పంపారా, కడగకుండానా? రెండు, రెండుచోట్లా ఒకే వయసు ఆకులేనా?

---

హరితరేఖ

అమ్మో, ఇన్ని జవాబులు! అందరికీ చాలా థ్యాంక్స్. మొగ్గలు గిల్లిన ప్రయోగం చదివి లేచి నిలబడ్డాను.

విశ్లేషణ గారూ, కొమ్మ కొస నుంచి లెక్కపెట్టి ఒకే స్థానంలో ఉన్న, పూర్తిగా విచ్చుకున్న ఆకులే కోశాం. కడగలేదండీ. కడిగితే పోషకాలు పోతాయని ఎవరో చెప్పారు.

---

విశ్లేషణ

ఆ చెప్పినవారు సగం కరెక్టు. ఆకుల్ని నీళ్లలో నానబెడితే పొటాషియం నిజంగానే కారుతుంది, అప్పుడు మనమే ఆమ్ల వాన అయిపోతాం. కానీ డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని సెకన్లు ముంచి తీస్తే పైన ఉన్న దుమ్ము చాలావరకు పోతుంది, లోపలిది పెద్దగా కదలదు. ప్రతి శాంపిల్‌కీ ఒకే సమయం పాటించాలి.

మీ విషయంలో చూడండి. బొగ్గు బూడిదలో కాల్షియం ఉంటుంది. కడగకపోతే పొగ వైపు ఆకుల్లో కాల్షియం ఎక్కువ కనపడాలి. అయినా తక్కువే వచ్చిందంటే అసలు తగ్గుదల రిపోర్టులో ఉన్నదానికన్నా ఎక్కువే ఉండొచ్చు. మాంగనీసుకి మాత్రం ఈ మాట వర్తించదు, దుమ్ము వల్ల కూడా పెరగొచ్చు. మట్టిమనిషి గారు చెప్పిన కారణం నమ్మాలంటే కడిగిన ఆకులతో మళ్లీ చూడాలి, పక్కనే నేల పీహెచ్ కూడా కొలవాలి.

---

మట్టిమనిషి

న్యాయమైన మాట. నేల పైపొర ఒక్కటే కాకుండా వేళ్లు ఉన్న లోతు దాకా రెండు మూడు పొరల్లో తీయండి. మట్టి రేణువుల మీంచి మార్పిడికి వీలున్న కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం ఎంతున్నాయో కొలవమని అడగండి. పీహెచ్ ఒక్కటే అడిగితే సగం కథే తెలుస్తుంది.

---

హరితరేఖ

రాసుకున్నాను సార్. ఇంకొక్కటి. ఆకు లీచింగ్ ఎంత, నేల వాటా ఎంత అని విడదీయడానికి చెట్ల కింద సీసాలు పెట్టి, ఆకుల మీదుగా కారే నీళ్లు పడదామనుకుంటున్నా. కానీ అందులో ఆకు మీద ఎండుగా పడి ఉన్న దుమ్ము కూడా కడుక్కుని వస్తుంది కదా? ఆకు లోపలి నుంచి వచ్చింది ఏదో, పైనుంచి కడుక్కున్నది ఏదో ఎలా తెలుస్తుంది?

---

విశ్లేషణ

దానికి సోడియం వాడతారు. ఉల్రిచ్ పద్ధతే ఇది. సోడియం ఆకులోంచి దాదాపుగా కారదు, ఆకు దాన్ని పెద్దగా పీల్చుకోదు కూడా. కాబట్టి చెట్టు కింద నీటిలో, బయట వాన కంటే సోడియం ఎన్ని రెట్లు ఎక్కువుంటే, దుమ్ముగా పడింది అంత నిష్పత్తిలో ఉందని లెక్క. అదే నిష్పత్తితో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం దుమ్ము వాటా కట్టి తీసేస్తే మిగిలింది ఆకు లోపలి నుంచి వచ్చినట్టు. దుమ్ములో అన్నీ సోడియంలాగే పడతాయన్న ఊహ ఇందులో ఉంది, చిమ్నీ పక్కన అది కొంచెం బలహీనం. అందుకని ఆకుల ఆకారంలో ప్లాస్టిక్ ముక్కలు కూడా కొన్ని వేలాడదీసి, వాటి మీంచి కారే నీళ్లు విడిగా పట్టండి. వాటిలోంచి కారేదానికి లోపల ఏమీ ఉండదు.

నీళ్లు పట్టాక చల్లగా, చీకట్లో ఉంచి త్వరగా పంపండి, లేకపోతే సూక్ష్మజీవులు నైట్రేట్, అమ్మోనియం లెక్కలు మార్చేస్తాయి. సీసాలు గాజువి వద్దు. గాజులోంచి సోడియం కరుగుతుంది, మన లెక్కంతా దాని మీదే ఉంది. ప్లాస్టిక్‌వి తీసుకుని, ముందు డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి ఆరబెట్టండి.